వాల్వు మార్చిన గుండెకు జ్వరమొస్తే

వానాకాలంలో జ్వరం రాని ఇల్లు ఉండదు. రెండు రోజులు పారాసెటమాల్ వేసుకుంటారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన ఒక ఇంజెక్షన్ చేసి, అయిదు రోజులకు యాంటీబయాటిక్ బిళ్లలు ఇస్తాడు. పట్నంలో అయితే ఒక సీబీపీ, ఒక వైడాల్ పరీక్ష చేసి ‘టైఫాయిడ్ ఉంది’ అంటారు, రెండు సెలైన్లు ఎక్కిస్తారు. మామూలు మనిషికి దీనివల్ల చాలాసార్లు పెద్దగా పోయేదేమీ ఉండదు. ఎలాగూ తగ్గాల్సిన జ్వరం తగ్గిపోతుంది. కానీ ఆ మనిషి ఛాతీ మీద నిలువుగా కుట్ల మచ్చ ఉండి, లోపల కృత్రిమ వాల్వు టిక్కు టిక్కుమంటూ ఉంటే లెక్క మారిపోతుంది. ఆ అయిదు రోజుల బిళ్లలు తర్వాత జరగాల్సిన ఆరు వారాల వైద్యం కళ్లకు గంతలు కట్టేస్తాయి.

కృత్రిమ వాల్వుకు పట్టే ఇన్ఫెక్షన్‌ను ప్రోస్థటిక్ వాల్వ్ ఎండోకార్డైటిస్ అంటారు. నోరు తిరగని పేరు కాబట్టి ఆస్పత్రుల్లో ‘పీవీఈ’ అని, ఇళ్లలో ‘వాల్వుకు ఇన్ఫెక్షన్ వచ్చింది’ అని అంటారు. అరుదైనదే. వాల్వు ఉన్న వెయ్యి మందిని ఒక ఏడాది పాటు గమనిస్తే వాళ్లలో 3 నుంచి 12 మందికి వస్తుందని అంచనా. వచ్చిందంటే మాత్రం మామూలు కథ కాదు. 2000 నుంచి 2005 వరకు 28 దేశాల్లోని 61 ఆస్పత్రుల రోగులను కలిపి చూసిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. అందులో కచ్చితంగా ఎండోకార్డైటిస్ (సొంత వాల్వుకైనా, కృత్రిమ వాల్వుకైనా పట్టే గుండె లోపలి ఇన్ఫెక్షన్) అని తేలిన 2,670 మందిలో 556 మందికి అది కృత్రిమ వాల్వుకు పట్టింది, అంటే అయిదుగురిలో ఒకరికి. ఆ 556 మందిలో నూటికి 23 మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. మిగతా 77 మంది ఇంటికి వెళ్లారు.

వాళ్లను బతికించిందేమిటి అని వెతికితే ఏదో ఒక మందో, ఒక సర్జన్ చేతి చలవో దొరకదు. ఏ పని ముందు జరిగింది, ఏ పని తర్వాత జరిగింది అన్న వరుస దొరుకుతుంది. ఈ జబ్బులో చేయాల్సిన పనులు చాలావరకు అందరికీ తెలిసినవే. వాటి వరుస తప్పినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు, ఆ వాల్వు దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. కృత్రిమ వాల్వులు రెండు రకాలు. ఒకటి లోహం, కార్బన్ లాంటి వాటితో చేసే మెకానికల్ వాల్వు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వు ఈ కోవదే. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి మనిషి గుండెలో అమర్చారు. విదేశీ వాల్వు కొనలేని వేలమందికి అది దారి చూపింది. రెండోది ఆవు గుండె పొరతోనో పంది వాల్వుతోనో చేసే టిష్యూ వాల్వు. ఏ రకమైనా దాని చుట్టూ గుడ్డలాంటి ఒక రింగు ఉంటుంది. సర్జన్ ఆ రింగుకే కుట్లు వేసి వాల్వును గుండెకు బిగిస్తాడు. ఆపరేషన్ అయిన కొద్ది నెలల్లో ఆ రింగు మీద మన సొంత కణాలు పొరలా అల్లుకుంటాయి. ఆ పొర పరుచుకునేలోపు అది రక్తంలో వేలాడే పరాయి వస్తువే. దారిన పోయే బ్యాక్టీరియాకు అదొక అరుగు.

బ్యాక్టీరియా అక్కడ కూర్చున్నాక తన చుట్టూ జిగురులాంటి పొర కట్టుకుంటుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. నూతి గోడకు పాచి పట్టినట్టే. గోడ మీద నీళ్లు ఎన్ని పోసినా పాచి పోదు, గీకాల్సిందే. ఆ జిగురు లోపల సూక్ష్మజీవులు సగం నిద్రలో ఉంటాయి, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. యాంటీబయాటిక్స్ చాలావరకు చురుగ్గా పెరిగే జీవుల మీదే బాగా పనిచేస్తాయి. పైగా వాల్వుకు సొంతంగా రక్తనాళాలు ఉండవు కాబట్టి మన తెల్లరక్తకణాలు అక్కడికి దండుగా చేరలేవు. గొంతునొప్పిని అయిదు రోజుల్లో తగ్గించే మందు ఇక్కడ ఆరు వారాలు పట్టడానికి కారణం ఇదే. ఆ మందు అయిదు రోజులు వాడితే జ్వరం దిగుతుంది, పాచి అలాగే ఉంటుంది. పది రోజులకో ఇరవై రోజులకో జ్వరం మళ్లీ వస్తుంది. ఈ ‘తగ్గి మళ్లీ రావడం’ అన్నదే చాలామందిలో మొదటి గుర్తు. దాన్ని మరో కొత్త జ్వరంగా లెక్కేసుకోవడమే మొదటి పొరపాటు.

రకాన్ని బట్టి నష్టం జరిగే చోటు మారుతుంది. టిష్యూ వాల్వులో తరచుగా రెక్కలే పాడవుతాయి, చిరుగుతాయి. మెకానికల్ వాల్వులో రెక్కలు కార్బన్‌వి, వాటిని సూక్ష్మజీవి తినలేదు. అది కుట్లు వేసిన అంచును పట్టుకుని, చుట్టూ ఉన్న గుండె కండరంలోకి తొలుచుకుపోతుంది. అక్కడ చీము గడ్డ కడుతుంది, కుట్లు వదులవుతాయి, వాల్వు పక్కనుంచి రక్తం వెనక్కి కారడం మొదలవుతుంది. తలుపు గట్టిగానే ఉంటుంది, ద్వారబంధం కదిలిపోతుంది. తొడ రక్తనాళం ద్వారా పెట్టే టావి వాల్వులకు కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు. ఛాతీ కోయలేదు కదా అని ధీమా పనికిరాదు.

సూక్ష్మజీవి ఎప్పుడు చేరిందన్నది కూడా ముఖ్యమే. ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలో వచ్చేవాటిలో ఎక్కువభాగం ఆస్పత్రి నుంచే వస్తాయి. చర్మం మీద అందరికీ ఉండే స్టెఫైలోకాకస్ జాతులు థియేటర్‌లోనో, ఐసీయూలో పెద్ద రక్తనాళంలోకి పెట్టిన సెంట్రల్ లైన్ గొట్టం ద్వారానో, చేతికి రోజుల తరబడి వదిలేసిన కాన్యులా ద్వారానో లోపలికి పోతాయి. ఏడాది దాటాక వచ్చేవాటిలో నోటిలోని స్ట్రెప్టోకాకస్, పేగుల్లోని ఎంటిరోకాకస్ వాటా పెరుగుతుంది. పైన చెప్పిన అధ్యయనంలో మూడో వంతుకు పైగా ఇన్ఫెక్షన్లు వైద్యం చేయించుకునే క్రమంలో అంటుకున్నవే. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

థియేటర్ నుంచి ఇన్ఫెక్షన్ అంటే సర్జన్ చేతులు కడుక్కోలేదనుకుంటాం. ఎప్పుడూ అంత సూటిగా ఉండదు. గుండె ఆపరేషన్‌లో రక్తాన్ని చల్లబరిచి మళ్లీ వెచ్చబరిచే ఒక యంత్రం థియేటర్‌లో ఓ మూల ఉంటుంది. దాని ట్యాంకులోని నీళ్లు రోగి రక్తానికి ఎక్కడా తగలవు. అయినా 2010 తర్వాత స్విట్జర్లాండ్‌లోనూ, తర్వాత మరిన్ని దేశాల్లోనూ వాల్వు ఆపరేషన్ అయినవాళ్లకు మైకోబ్యాక్టీరియం కైమీరా అనే అరుదైన సూక్ష్మజీవి ఇన్ఫెక్షన్ బయటపడింది. టీబీ క్రిమికి దూరపు చుట్టం అది. ఆ ట్యాంకు నీళ్లలో పెరిగి, యంత్రం ఫ్యాన్ గాలితో పాటు తుంపరగా లేచి, తెరిచి ఉన్న ఛాతీలో పడిందని తేలింది. జబ్బు బయటపడేది ఆపరేషన్ అయిన నెలలకో, ఏళ్లకో. మామూలు పరీక్షల్లో దొరకదు. అది అరుదైన కథే, కానీ ‘ఎప్పుడో చేసిన ఆపరేషన్‌కీ ఇప్పటి జ్వరానికీ ఏం సంబంధం’ అని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇక ఆ అయిదు రోజుల బిళ్లల సంగతి. కృత్రిమ వాల్వులు రాకముందు, ఎండోకార్డైటిస్ చరిత్రలో 1911 నాటి ఒక ఘట్టం చూస్తే అది బాగా అర్థమవుతుంది. ఆస్ట్రియా సంగీతకారుడు గుస్టావ్ మాలర్ ఆ ఏడాది మొదట్లో న్యూయార్క్‌లో కచేరీలు నడిపిస్తున్నాడు. గుండెలో పాత వాల్వు జబ్బు ఉంది. జ్వరం తగ్గి మళ్లీ వస్తూ ఉంది. మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన ఇమాన్యుయెల్ లిబ్‌మన్ అనే వైద్యుడు అనుమానించి, తన సహాయకుడి చేత రక్తం తీయించి కల్చర్ చేయించాడు. స్ట్రెప్టోకాకస్ పెరిగింది. జబ్బు పేరు, క్రిమి పేరు రెండూ తెలిశాయి. వేయడానికి మాత్రం మందు లేదు. మే 18న వియన్నాలో ఆయన చనిపోయాడు, 50 ఏళ్ల వయసులో. పెన్సిలిన్ రోగుల దాకా రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లు పట్టింది. ఇప్పుడు మన దగ్గర సరిగ్గా తలకిందుల పరిస్థితి ఉంది. మందుల షాపులో బీరువా నిండా యాంటీబయాటిక్స్ ఉన్నాయి. ఏ క్రిమి మీదికి వేయాలో తెలియదు, ఎందుకంటే రక్తం తీసే ముందే రోగి మూడు రకాల బిళ్లలు మింగేసి ఉంటాడు.

బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి, అందులో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూడటం. యాంటీబయాటిక్ ఒక్క రోజు వేసుకున్నా ఆ రక్తంలో క్రిమి పెరగకపోవచ్చు. వాల్వు మీద మాత్రం బతికే ఉంటుంది. కల్చర్ నెగెటివ్ అని రిపోర్టు వస్తుంది, ఇంట్లో వాళ్లు ‘ఇన్ఫెక్షన్ లేదట’ అని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అది చెడ్డ వార్త. ఏ క్రిమో తెలియకపోతే అన్నింటినీ కవర్ చేసేలా మందులు వేయాలి, కిడ్నీలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది, తగ్గకపోతే ఎందుకు తగ్గడం లేదో తెలియదు. మన దేశంలో ఎండోకార్డైటిస్ రోగుల్లో కల్చర్ నెగెటివ్ వాటా ఎక్కువగా ఉండటానికి ముందే వాడేసిన యాంటీబయాటిక్స్ ఒక పెద్ద కారణం.

అందుకే వాల్వు ఉన్నవాళ్లకు జ్వరమొస్తే మొదటి పని రక్తం తీయడం, రెండో పని మందు. కనీసం మూడుసార్లు, వేర్వేరు చోట్ల సూది గుచ్చి, ఓ అరగంట ఎడంతో, ఒక్కో సీసాలో 10 మిల్లీలీటర్ల దాకా రక్తం పోయాలి. మూడు చుక్కలు పోసి పంపితే లాభం లేదు. చలి పుట్టినప్పుడే తీయాలన్న నియమం కూడా లేదు, ఈ జబ్బులో క్రిమి రక్తంలోకి ఎప్పుడూ కొద్దికొద్దిగా విడుదలవుతూనే ఉంటుంది. మనిషి బీపీ పడిపోయి ప్రమాదంలో ఉంటే మాత్రం వెంటవెంటనే రక్తం తీసి అదే గంటలో మందు మొదలుపెట్టాలి. అప్పుడు కూడా వరుస అదే, మధ్యలో ఎడం తగ్గుతుంది, అంతే. క్రిమి పేరు దొరికితే ఒక్కోసారి అనుకోని మేలు కూడా జరుగుతుంది. స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్ అనే రకం దొరికితే వైద్యులు పెద్దపేగు పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే దానికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ చుట్టరికం ఉంది. గుండె కోసం తీసిన రక్తం పేగులోని గడ్డను పట్టిస్తుందన్న మాట.

ఆర్ఎంపీ చేసే ఇంజెక్షన్‌తో ఇంకో చిక్కు ఉంది. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లు రక్తం పల్చబడే మందు వాడుతుంటారు. మన దగ్గర ఎక్కువగా ఎసిట్రోమ్, కొందరు వార్ఫరిన్. పిరుదు కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారి పెద్ద గడ్డ కట్టవచ్చు. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ కలిపి చేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అయితే రక్తస్రావం ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది.

జ్వరం ఒక్కటే గుర్తు కాదు, ముసలివాళ్లలో అది ఉండకపోవచ్చు కూడా. ఆకలి చచ్చిపోవడం, రాత్రిళ్లు చెమటలు, నెలలో నాలుగైదు కిలోలు తగ్గడం, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, ఉన్నట్టుండి మూతి వంకరపోవడం. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లకు తమ వాల్వు చప్పుడు అలవాటే, పక్కన పడుకున్నవాళ్లకూ వినిపిస్తుంది. ఆ చప్పుడు మొద్దుబారినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. వాల్వు మీద ఏదో పేరుకుని రెక్క సరిగా కదలడం లేదని అర్థం కావచ్చు.

ఆస్పత్రిలో చేరాక మొదట చేసేది టూడీ ఎకో. ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చూసే ఈ పరీక్ష సొంత వాల్వుల విషయంలో బాగానే పనిచేస్తుంది. కృత్రిమ వాల్వు దగ్గర మాత్రం లోహం నీడ పడి, దాని వెనక ఏముందో కనపడదు. ఈ పరీక్ష నార్మల్ వచ్చిందని ఇంటికి పంపేయడం ఈ జబ్బులో తరచూ జరిగే రెండో పొరపాటు. గొంతులోంచి గొట్టం దించి, అన్నవాహిక వైపు నుంచి గుండెను చూసే టీఈఈ చేయాలి. అది కూడా మొదటిసారి ఏమీ చూపించకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే అయిదారు రోజులాగి మళ్లీ చేస్తారు. ఆ గొట్టం మళ్లీ మింగాలంటే రోగికి టెన్షనే, కానీ మొన్న లేని చీము గడ్డ ఈరోజు కనపడవచ్చు. ఇప్పుడు గుండె సీటీ, పెట్ సీటీ కూడా తోడయ్యాయి. 1994 నుంచి ఈ జబ్బు నిర్ధారణకు వైద్యులు వాడుతున్న డ్యూక్ ప్రమాణాలను 2023లో సవరించినప్పుడు ఈ రెండు స్కాన్లకూ పెద్దపీట వేశారు. ఖరీదైన పరీక్షల మధ్య ఒక చవకదాన్ని మాత్రం మరిచిపోకూడదు. అది రోజూ తీసే ఈసీజీ. బృహద్ధమని వాల్వు పక్కనే గుండె కొట్టుకునే సంకేతాలు మోసే తీగలాంటి కణజాలం ఉంటుంది. చీము అక్కడిదాకా తొలిస్తే ఈసీజీలో పీఆర్ అనే ఎడం సాగడం మొదలవుతుంది. వందల రూపాయల్లో అయిపోయే ఈ కాగితం కొన్నిసార్లు స్కాన్ కంటే ముందే కబురు చెబుతుంది.

చికిత్స కనీసం ఆరు వారాలు, సెలైన్ లైన్ ద్వారానే. ఆ ఆరు వారాలను మందు మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కపెట్టరు, కల్చర్‌లో క్రిమి పెరగడం ఆగిన రోజు నుంచి లెక్కపెడతారు. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక ‘మొన్నటికే ఆరు వారాలయ్యాయి కదా’ అని డాక్టరుతో గొడవ పడతారు. మందు క్రిమిని బట్టి మారుతుంది. స్ట్రెప్టోకాకస్ అయితే పెన్సిలిన్ కుటుంబపు మందులో, సెఫ్ట్రియాక్సోనో సరిపోవచ్చు. స్టెఫైలోకాకస్ అయితే మూడు మందులు కలిపి వేస్తారు. క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ లాంటి వాటిలో ఒకటి, క్రిమి వాటికి లొంగని రకమైతే వాంకోమైసిన్. దానికి మొదటి రెండు వారాలు జెంటామైసిన్, కొద్ది రోజుల తర్వాత రిఫాంపిసిన్. జెంటామైసిన్ కిడ్నీలనూ చెవులనూ దెబ్బతీయగలదు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తరచూ చూస్తుండాలి. చెవిలో హోరు మొదలైందని రోగి చెబితే ‘నీరసం వల్ల’ అని కొట్టేయకూడదు.

రిఫాంపిసిన్ గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. మన దగ్గర అది టీబీ మందుగా అందరికీ తెలుసు. మూత్రం నారింజ రంగులోకి మారగానే, చీటీ మీద పేరు చూడగానే ‘మాకు చెప్పకుండా టీబీకి మందు ఇస్తున్నారు’ అని బంధువులు కంగారుపడతారు. ఇక్కడ దాన్ని వాడేది టీబీకి కాదు, ఆ జిగురు పొరలోకి చొరబడగల కొద్ది మందుల్లో అదొకటి కాబట్టి. ఒంటరిగా వేస్తే క్రిమి ఇట్టే దానికి అలవాటు పడిపోతుంది, అందుకే మిగతా మందులతో క్రిమి సంఖ్య తగ్గించాక జత చేస్తారు. వరుస ఇక్కడ కూడా ముఖ్యమే.

అసలు చిక్కు మరొకటి. రిఫాంపిసిన్ లివర్‌లోని ఎంజైములను రెచ్చగొడుతుంది. ఆ ఎంజైములే ఎసిట్రోమ్‌నూ, వార్ఫరిన్‌నూ కరిగించేవి. రిఫాంపిసిన్ మొదలైన వారం పది రోజుల్లో రక్తం పల్చదనం కొలిచే ఐఎన్ఆర్ జారిపోతుంది. రెండున్నర, మూడు ఉండాల్సింది ఒకటిన్నరకు వచ్చేస్తుంది. డోసు రెట్టింపు చేసినా లేవదు. ఇన్ఫెక్షన్ తగ్గుతున్న వాల్వు మీద రక్తం గడ్డ కడుతుంది. ఇక ఆరు వారాలయ్యాక రిఫాంపిసిన్ ఆపేస్తారు, అందరూ సంతోషంగా ఇంటికి వెళ్తారు. ఎంజైములు రెండు వారాల్లో మామూలు స్థాయికి దిగుతాయి. కానీ ఎసిట్రోమ్ డోసు పెంచింది పెంచినట్టే ఉంటుంది. ఐఎన్ఆర్ ఆకాశానికి ఎగబాకుతుంది, మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇన్ఫెక్షన్‌ను గెలిచిన మనిషి ఒక బిళ్ల లెక్క తప్పి ఓడిపోవడం కంటే దారుణం ఉండదు. డిశ్చార్జి సమ్మరీలో పెద్దక్షరాలతో రాయాల్సిన మాట ఇది: రిఫాంపిసిన్ ఆపిన తర్వాత కొన్ని వారాల పాటు వారానికి ఒకటి రెండుసార్లు ఐఎన్ఆర్ చూడాలి, డోసు తగ్గించుకుంటూ రావాలి. చాలా సమ్మరీల్లో ‘కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్’ అని మాత్రమే ఉంటుంది.

మెదడు విషయానికొస్తే, అక్కడ వైద్యులకు కూడా తాడు మీద నడకే. వాల్వు మీద పేరుకునే గుత్తుల్లాంటి వాటిని వెజిటేషన్లు అంటారు. వాటి ముక్క విరిగి మెదడుకు పోతే పక్షవాతం. రక్తం పల్చబడే మందు ఆపితే వాల్వు మీద గడ్డ, కొనసాగిస్తే దెబ్బతిన్న మెదడులో రక్తస్రావం. అందుకే స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి మొండి క్రిమి ఉన్నప్పుడు బిళ్ల ఆపి, కావాలంటే వెంటనే ఆపగలిగే హెపారిన్‌కు మారుస్తారు. ముక్కలు విరిగే ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ, సరైన యాంటీబయాటిక్ పడ్డాక రోజురోజుకూ తగ్గుతుంది. మొదటి రోజులు వృథా కాకూడదనడానికి ఇదొక కారణం.

మందులతో అందరికీ తగ్గదు. పైన చెప్పిన 556 మందిలో దాదాపు సగం మందికి ఆ విడతలోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. వాల్వు కారడం వల్ల గుండె ఫెయిల్ అవుతున్నప్పుడు, చీము గడ్డ కట్టినప్పుడు, సరైన మందు పడినా కల్చర్‌లో క్రిమి వస్తూనే ఉన్నప్పుడు, పెద్ద వెజిటేషన్ ఉండి ముక్కలు విరుగుతున్నప్పుడు, ఫంగస్ అయినప్పుడు ఆపరేషన్ తప్పదు. ఎండోకార్డైటిస్ ఇంకా మండుతుండగానే వాల్వు తీసి మరొకటి పెట్టవచ్చని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు 1965లో ప్రచురించేదాకా ఆ ఊహే సాహసం. చీములో కొత్త వాల్వు పెడితే దానికీ పట్టదా అని భయం. చెడిన కణజాలమంతా తీసేసి శుభ్రం చేస్తే, మందు కూడా తోడుంటే చాలామందిలో పట్టదని అనుభవంలో తేలింది. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక చేద్దాం అని ఆగడమే తరచుగా ఎక్కువ ప్రమాదం. అలాగని తేలిక ఆపరేషనూ కాదు. ఛాతీ రెండోసారి తెరవాలి, పాత అతుకులు ఉంటాయి, కొన్నిసార్లు బృహద్ధమని మొదలే తీసి కొత్తది కట్టాలి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువగా బతికారు కాబట్టి ఆపరేషనే మంచిదని అంటుంటారు. ఈ మాటలో ఒక మడత పేచీ ఉంది. చేరిన మూడో రోజే చనిపోయిన మనిషి ‘ఆపరేషన్ చేయించుకోనివాళ్ల’ లెక్కలోకి వెళ్తాడు, ఆపరేషన్ దాకా బతికితేనే కదా రెండో లెక్కలో చేరేది. అంటే ఆపరేషన్ గుంపులో ఉన్నవాళ్లంతా అప్పటికే కొన్ని రోజులు గట్టెక్కినవాళ్లు. మొదట చెప్పిన 28 దేశాల అధ్యయనం చేసిన అంతర్జాతీయ బృందమే 1,025 మంది కృత్రిమ వాల్వు రోగుల వివరాలను ఈ తేడా సరిచేసి చూసింది. 2013లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, మొత్తం మీద చూస్తే తొందరగా ఆపరేషన్ చేసినవాళ్లకూ మందులతో నెట్టుకొచ్చినవాళ్లకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. దీన్నిబట్టి ఆపరేషన్ దండగ అనుకుంటే మళ్లీ పొరపాటే. గుండె ఫెయిల్ అవుతున్న మనిషికి ఆపరేషన్ ప్రాణం పోస్తుంది, ఏ చిక్కూ లేని మనిషికి మందులే చాలవచ్చు. ఇద్దరినీ ఒకే గంపలో వేసి సగటు తీస్తే ఇద్దరికీ పనికిరాని జవాబు వస్తుంది. బతికినవాళ్ల కథలు విని ‘ఆయన ఇలా చేశాడు, మనమూ అలాగే’ అనుకునే కుటుంబాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఎవరు ఏ గంపలోకి వస్తారో తేల్చాలంటే సర్జన్ మొదటి రోజు నుంచే రోగిని చూస్తూ ఉండాలి. మన దగ్గర మామూలుగా జరిగేది వేరు. జనరల్ ఫిజీషియన్ వారం చూస్తాడు, కార్డియాలజిస్టు పది రోజులు చూస్తాడు, అన్నీ విఫలమయ్యాక సర్జన్‌కు కబురు పోతుంది. అప్పటికి కిడ్నీలు, లివర్ పోయి ఉంటాయి. ఆయన రోగిని చూసి ‘రిస్క్ చాలా ఎక్కువ’ అంటాడు, అది నిజం కూడా. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో కార్డియాలజీ, సర్జరీ, ఇన్ఫెక్షన్ నిపుణులు ఒకే పద్ధతి రాసుకుని, కలిసి చూడటం మొదలుపెట్టాక ఎండోకార్డైటిస్ రోగుల్లో ఏడాదిలోపు మరణాలు 18.5 శాతం నుంచి 8.2 శాతానికి పడిపోయాయని 2009లో నివేదించారు. కొత్త మందేదీ లేదు. యూరప్ మార్గదర్శకాలు 2015 నుంచి ఇలాంటి బృందం ఉండాల్సిందే అంటున్నాయి. అలాంటి ఆస్పత్రికి చేరడమన్నది కూడా చికిత్సలో భాగమే. టీఈఈ, గుండె సర్జరీ లేని చోట రెండు వారాలు గడపడమంటే ఆ రెండు వారాలూ పోగొట్టుకోవడమే.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక తెలుగు ప్రాంతాల్లో వాల్వు ఆపరేషన్ పేద ఇళ్లకూ అందింది. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి వాల్వు పాడై, పాతికేళ్లకే మెకానికల్ వాల్వుతో బతుకుతున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్ల ముందు ఇంకా నలభై ఏళ్ల జీవితం, నలభై వానాకాలాల జ్వరాలు ఉన్నాయి. ఆపరేషన్ అయిన రోజు చేతిలో పెట్టాల్సింది ఎసిట్రోమ్ చీటీ ఒక్కటే కాదు, ‘జ్వరమొస్తే ముందు బ్లడ్ కల్చర్, తర్వాతే యాంటీబయాటిక్’ అని తెలుగులో రాసిన ఒక కార్డు కూడా. ఆ కార్డు ఆర్ఎంపీకి చూపిస్తే ఆయన కూడా జడుస్తాడు, అది మంచిదే.

ఆరు వారాల ఆస్పత్రి అంటే రోగి ఒక్కడికే కాదు, తోడుగా ఉన్న మనిషికీ ఆరు వారాల కూలి పోతుంది. పదో రోజుకు జ్వరం పోయి, ఇడ్లీ తింటూ కూర్చున్న మనిషిని ఇంకా నెలరోజులు ఉండమంటే చాలామంది సంతకం పెట్టి వెళ్లిపోతారు. అక్కడే తిరగబెడుతుంది. ఈ విషయంలో డెన్మార్క్ నుంచి వచ్చిన పోయెట్ అనే అధ్యయనం కొంత ఊరట ఇచ్చింది. గుండె ఎడమవైపు ఇన్ఫెక్షన్ ఉండి, కనీసం పది రోజులు ఇంజెక్షన్లు పడి నిలకడగా ఉన్న 400 మందిలో సగం మందిని బిళ్లలకు మార్చారు. మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లు వెనకబడలేదు. ఇంజెక్షన్ల గుంపులో 12.1 శాతం మందికి, బిళ్లల గుంపులో 9 శాతం మందికి మరణం, తిరగబెట్టడం లాంటి చిక్కులు వచ్చాయి. ఆ 400 మందిలో సుమారు నాలుగో వంతు కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లే. కానీ దీన్ని మన ఊళ్లో ‘బిళ్లలతోనే తగ్గుతుందట’ అని అర్థం చేసుకుంటే కొంప మునుగుతుంది. వాళ్లందరికీ క్రిమి పేరు తెలుసు, ఒక్కో క్రిమికి రెండేసి మందులు ఎంచి ఇచ్చారు, మార్చేముందు టీఈఈ చేశారు, వారానికి రెండు మూడుసార్లు వచ్చి చూపించుకున్నారు. కల్చర్ నెగెటివ్ అయిన మనిషికి ఈ దారి ఉండదు. మళ్లీ ఆ మొదటి రోజు రక్తం దగ్గరికే వచ్చాం.

ఇంటికి వెళ్లాక మొదటి ఏడాది అసలైన పరీక్ష. ఒకటి, మూడు, ఆరు, పన్నెండు నెలలకు చూపించుకోవాలి. ఎకో, రక్త పరీక్షలు చేయించాలి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆరు నెలల్లోపు అదే క్రిమితో వస్తే పాతది తిరగబెట్టిందని, ఆ తర్వాతో వేరే క్రిమితోనో వస్తే కొత్తగా అంటుకుందని సాధారణంగా లెక్క. కాళ్లలో బలం రావడానికే రెండు మూడు నెలలు పడుతుంది. నిద్రలో చెమట పడితే మళ్లీ అదేనేమోనని లేచి కూర్చునేవాళ్లు చాలామంది. ఆ భయాన్ని ‘అంతా నీ మనసులోనే’ అని తీసిపారేయడం తేలిక, కల్చర్‌కు రక్తం తీసి పంపడం కూడా అంతే తేలిక. రెండోదే చేయాలి.

ఇక పళ్లు. పన్ను పీకించుకునేటప్పుడు, చిగుళ్లకు వైద్యం చేయించుకునేటప్పుడు నోటి క్రిములు రక్తంలోకి వెళ్తాయి. వాల్వు ఉన్నవాళ్లు దానికి అరగంట, గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఒక్క డోసు వేసుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి. పెన్సిలిన్ పడనివాళ్లకు అజిత్రోమైసిన్ లాంటివి ఉన్నాయి. అయిదు రోజుల కోర్సు అవసరం లేదు. ఇంకేదో జబ్బుకు అప్పటికే యాంటీబయాటిక్ వాడుతుంటే పన్ను పనిని ఆ కోర్సు అయిన పది రోజుల తర్వాతకు వాయిదా వేసుకోవడమో, వేరే జాతి మందు వాడటమో చేయాలి. అయితే ఏడాదికోసారి పీకించుకునే పన్ను కంటే రోజూ బ్రష్ చేసేటప్పుడు రక్తం కారే చిగుళ్లే మొత్తం మీద ఎక్కువ క్రిములను లోపలికి పంపుతాయి. 2007లో అమెరికా గుండె వైద్య సంఘం ముందుజాగ్రత్త డోసులను కొద్దిమందికే పరిమితం చేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. ‘గుండె జబ్బు మనిషి, రక్తం పల్చబడే మందు వాడుతున్నాడు, మేం ముట్టుకోం’ అని పంపేసే పళ్ల డాక్టర్లు ఉన్నారు. దాంతో పుచ్చిన పన్ను ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. వాల్వు పెట్టకముందే నోరంతా బాగుచేయించి పంపమని గుండె సర్జన్లు అడిగేది అందుకే. ఆ చీటీ పట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామందికి గుండెకూ పళ్లకూ ఏం సంబంధమో ఎవరూ చెప్పి ఉండరు.